నేను నిలబడ్డ చోటు

ఎలుక నాతో పాటు తిరిగింది. అక్కడే కదూ పోయినవారం ఆపాను!

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను, మొదటినుంచీ ఉన్నవాళ్లు కాస్త ఓపిక పట్టండి. మాది జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసే చోటు. నా పని ఎలుకలకి ఈత పరీక్ష పెట్టడం. నాలుగడుగుల వెడల్పున్న గుండ్రటి తొట్టి, అందులో గోరువెచ్చటి నీళ్లు, ఆ నీళ్లలో కలిపిన తెల్లరంగు. ఆ తెలుపులో ఒకచోట, పైకి కనబడకుండా, అరచేయంత అరుగు ఒకటి మునిగి ఉంటుంది. ఎలుకని నీళ్లలో వదిలి స్టాప్‌వాచీ నొక్కుతాను. ఎలుకకి ఈత వచ్చు గానీ ఇష్టం ఉండదు. అందుకని ఎలాగోలా అరుగు వెతుక్కుని ఎక్కేస్తుంది. గోడల మీద త్రికోణం, నక్షత్రం, చారలు, వలయం అంటించి ఉంటాయి. నక్షత్రానికి ఎడంగా, చారలకి ఇవతలగా అని వాటినిబట్టి గుర్తుపెట్టుకుని, నాలుగైదు రోజుల్లో తిన్నగా అరుగు మీదికే పోవడం నేర్చుకుంటుంది. పద్నాలుగేళ్లుగా స్టాప్‌వాచీ పట్టుకుని తిరుగుతున్నానని నన్ను అందరూ గడియారమక్క అంటారు. మా పెద్దావిడ, అంటే ఈ పరిశోధనంతా నడిపించే మేడమ్, ఒక్కరే, అక్కా గిక్కా లేకుండా, ఉత్త గడియారం అంటారు.

ఈ విడత ఎలుకలు ఇరవైనాలుగు. అన్నీ రెండేళ్లు దాటినవి, అంటే ఎలుకల్లో పెద్దవాళ్ల కింద లెక్క. వాటిలో పన్నెండింటికి మనుషుల జన్యువు ఒకటి పెట్టారు. మతిమరుపు జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచే రకం అది. ఉన్నంతమాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు, లేనంతమాత్రాన రాదనీ కాదు, ముప్పు పెరుగుతుంది. మిగతా పన్నెండింటికి అదే జన్యువులో ముప్పు పెంచని రకం పెట్టారు. ఏది ఏ రకమో నాకు తెలియకూడదు. తెలిస్తే నా చెయ్యి నాకే తెలియకుండా ఒక పక్షం వహిస్తుందట. ఆ జాబితా సీలు వేసిన కవర్లో, లెక్కల మాస్టారి బీరువాలో ఉంది.

లెక్కల మాస్టారంటే మా అంకెలన్నీ చూసే ఆయన. మా వదినకి ఆపరేషనని నేను నాలుగు రోజులు సెలవు పెడితే నా బదులు ఆయనే పరీక్షలు పెట్టాడు. అంతవరకూ నా దగ్గర ఇరవైనాలుగు ఎలుకలూ తిన్నగా అరుగెక్కేవి. ఆయన దగ్గర సగానికి సగం దారి తప్పాయి. నీళ్లు చల్లబడ్డాయన్నాడు, దీపం మారిందన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడని పెద్దావిడా నేనూ పడీపడీ నవ్వుకున్నాం. నేను తిరిగొచ్చాక అన్నీ మళ్లీ బుద్ధిగా అరుగెక్కాయి. 'ఆ రకం జన్యువు ఉన్నా లేకపోయినా మా ఎలుకల జ్ఞాపకంలో తేడా లేదు' అని పెద్దావిడ వ్యాసం రాసేశారు. శుక్రవారం పంపాలి.

ఆ రోజు బుధవారం. పొద్దున పదిహేడో నంబరు, ఎడమచెవి అంచు చిరిగిన ముసలి ఎలుక, నీళ్లలో ఉండగా నా భుజం మీది తువ్వాలు జారి పడింది. తియ్యడానికి నాలుగడుగులు పక్కకి వేశాను. ఎలుక ఈత ఆపి, మూతి పైకెత్తి, నేను వెళ్లిన వైపే తిరిగింది.

తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఇరవై గ్రాములో ముప్పై గ్రాములో ఉండే ప్రాణి, రెండు నల్లటి చుక్కల్లాంటి కళ్లు, వాటి నిండా నేనే ఉన్నాను. ఇన్నాళ్లూ నేనే దాన్ని చూస్తున్నాననుకున్నాను. అది నన్ను చూస్తోందని ఒక్కసారి కూడా తట్టలేదు.

మెల్లగా కిటికీ పక్కకి, నేను రోజూ నిలబడే చోటికి వచ్చాను. అదీ వెనక్కి తిరిగి, నీళ్లు చీల్చుకుంటూ వచ్చి, నా మోచేతికి మూరెడు దూరంలో ఉన్న అరుగెక్కి ఒళ్లు దులుపుకుంది. స్టాప్‌వాచీ ఆపడం కూడా మర్చిపోయాను.

ఆశ్చర్యం తగ్గాక భయం మొదలైంది. ఎందుకో చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నియమం ప్రకారం ఎలుకని వదలగానే నేను పరదా వెనక్కి వెళ్లిపోవాలి. పైన కెమెరా తొట్టిని చూస్తుంది, నేను పరదా వెనక టీవీలో చూడాలి. ఏడాదిన్నర కిందట ఒక ముసలి ఎలుక ఈదుతూ ఈదుతూ అలిసి మునిగిపోయింది. నేను పరదా తోసుకుని పరుగెత్తేలోగా ప్రాణం పోయింది. అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు రుద్దినా వెచ్చబడలేదు. ఆ మర్నాడే పరదా ఊడదీసి స్టోరు గదిలో పడేశాను. అప్పటినుంచి ఎటు నుంచి ఎలుకని వదిలినా, వదిలేసి వచ్చి కిటికీ పక్కనే నిలబడతాను, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా.

అంతవరకైతే జాలిగుండె అని సరిపెట్టుకోవచ్చు. కానీ రోజూ నింపే కాగితంలో 'పరదా వెనుక ఉన్నారా?' అని ఒక గడి ఉంటుంది. రోజూ అందులో టిక్కు పెడుతూనే వచ్చాను. పరదా ఏదని లెక్కల మాస్టారు అడిగితే ఉతకడానికి ఇచ్చానన్నాను. ఆయన పాపం లాప్‌టాప్ ప్లగ్గు అక్కడే ఉందని, కిటికీకి ఎదురుగోడన సింకు పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఆయన అక్కడ, అరుగు ఇక్కడ. ఎలుకలు ఎందుకు దారి తప్పాయో ఇప్పుడు అర్థమైంది.

చెప్పకపోతే? దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుంటే ఎవరికీ తెలియదు. శుక్రవారం వ్యాసం వెళ్లిపోతుంది. చెబితే నా ఉద్యోగం సంగతి అటుంచండి, ఆవిడ మొహం ఎలా చూడాలి? ఈ భవనంలో గచ్చు తుడవడానికి వచ్చినదాన్ని నేను. 'ఎలుకల్ని చూసి కుర్చీ ఎక్కనిది ఇదొక్కతే' అని నవ్వి, స్టాప్‌వాచీ చేతికిచ్చి, గ్రాఫు గియ్యడం దాకా నేర్పింది ఆవిడే. ఆవిడ ముందు అబద్ధాలకోరుగా నిలబడాలి.

అయినా వెళ్లాను. మూడో అంతస్తులో మెట్లెక్కగానే పొడుగాటి వరండా, వరసగా ఆరు తలుపులు. నెల కిందట అన్నిటికీ ఒకే బూడిదరంగు వేశారు. అప్పుడు తీసిన పేరుబోర్డులు తిరిగి పెట్టాలన్న ధ్యాస ఎవరికీ లేదు. ఆవిడది మూడో తలుపు. దాని పక్కనే నా స్టూలు ఉంటుంది. అక్కడ వెలుతురు బాగుంటుందని నా కాగితాలు అక్కడే కూర్చుని రాసుకుంటాను. రోజూ పొద్దున మెట్లెక్కి రాగానే, "ఏం గడియారం, టైమెంత?" అంటారు. "మీ టైమే మేడమ్," అంటాను. ఆవిడ నవ్వి తాళం తీస్తారు. కళ్లజోడు ఎక్కడుందో, పదకొండింటికి ఎవరొస్తారో, ఆవిడ అడగకముందే చెప్పడం నాకు అలవాటు. అదొక గొప్పగా ఉండేది నాకు.

గదిలో ఆవిడ వ్యాసం చివరి పేజీ దిద్దుతున్నారు. అరవై ఒక్కేళ్ల మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారని ఆవిడకి పేరు. కానీ నాలుగో కాలు చూపిస్తే ఒప్పుకునే గుణం కూడా ఉందని నాకు తెలుసు.

"మేడమ్, ఆ వ్యాసం పంపకండి."

"ఎందుకు?"

"ఎలుకలు గోడ మీద బొమ్మల్ని చూడట్లేదు. నన్ను చూస్తున్నాయి."

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. మునిగిపోయిన ఎలుక, ఊడదీసిన పరదా, టిక్కులు, తువ్వాలు, అన్నీ చెప్పేశాను. ఆవిడ కలం పక్కన పెట్టి, రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నారు. కోపం వచ్చినప్పుడు అలా చేస్తారు.

"ఎన్ని టిక్కులు?"

"లెక్క లేదు మేడమ్. రోజూ."

"అబద్ధం రాయడానికి నేనా నేర్పాను నీకు?"

కళ్లనీళ్లు తుడుచుకోవడానికి నా దగ్గర ఆ తువ్వాలే ఉంది, అది ఎలుక వాసన కొడుతోంది.

"దాని సంగతి తర్వాత తేలుస్తాను," అన్నారు లేస్తూ. "నువ్వు చెప్పేది నిజమో కాదో ముందు చూద్దాం. పద. మాస్టార్నీ పిలు."

తొట్టి గదిలో ఆవిడ నన్ను సింకు పక్కన నిలబెట్టారు. అరుగు ఎప్పటిలాగే కిటికీ వైపే ఉంది. ఆవిడా మాస్టారూ తలుపు అద్దంలోంచి చూస్తామన్నారు. ఎలుక మునిగితే అన్నాను. "సింకు దగ్గర్నుంచి నాలుగడుగులేగా, పరుగెత్తు," అన్నారు.

మొదట ఎనిమిదో నంబరు. నీళ్లలో పడ్డ క్షణం అటూ ఇటూ చూసింది. నన్ను లెక్కచెయ్యలేదు. నక్షత్రాన్నో చారలనో చూసుకుని, గీత గీసినట్టు కిటికీ వైపు పోయి అరుగెక్కింది. తొమ్మిది సెకన్లు. అమ్మయ్య, నా భ్రమేమో అనుకున్నాను. రెండోది కూడా అంతే.

మూడోది పదిహేడో నంబరు. వదిలి వచ్చి సింకు పక్కన నిలబడ్డాను. అది ఒక చుట్టు చుట్టి, మూతి పైకెత్తి వెతికింది. నన్ను చూసింది. చూడగానే ఎంత ధీమాగా వచ్చిందో! సందేహం లేదు, తడబాటు లేదు. సరిగ్గా నాకు మూరెడు దూరంలో ఆగి, కాళ్ల కింద అరుగు తగులుతుందని ముందుకాళ్లు చాపింది. అక్కడ నీళ్లే ఉన్నాయి. మళ్లీ చాపింది. చుట్టూ చిన్న చుట్టు తిరిగి, మళ్లీ అక్కడికే వచ్చి, తలెత్తి నా మొహంలోకి చూసింది.

నేనిక్కడే ఉన్నాను, మరి అరుగేదీ అని అడుగుతున్నట్టే అనిపించింది. అరవై సెకన్లూ అది ఆ చోటు వదల్లేదు. ఎత్తి తువ్వాలులో చుట్టి గుండెకి అదుముకున్నాను. దాని గుండె నా వేళ్ల కింద టకటకా కొట్టుకుంటోంది.

మధ్యాహ్నానికి ఇరవైనాలుగూ అయ్యాయి. పదమూడు ఎలుకలు నన్ను పట్టించుకోకుండా అరుగెక్కాయి. పదకొండు నా దగ్గరికి వచ్చాయి. లెక్కల మాస్టారు ఎవరూ అడగకుండానే వెళ్లి కవరు తెచ్చాడు. సీలు చింపాడు. నంబర్లు ఒక్కొక్కటే చదివాడు. నా దగ్గరికి వచ్చిన పదకొండూ ముప్పు పెంచే రకం జన్యువు ఉన్నవే. ఒక్కటి కూడా తప్పలేదు.

పంపు మూసినా సింకులో చుక్కలు పడుతున్నాయి, అది వినబడుతోంది.

"కొండను తవ్వి ఎలుకని పట్టారంటారు," అన్నాడు మాస్టారు చివరికి. "మనం ఎలుకని పట్టుకుంటే కొండ బయటపడిందమ్మా."

పెద్దావిడ తొట్టి అంచు పట్టుకుని ఆ తెల్లటి నీళ్లలోకి చూస్తున్నారు. ఆవిడ కళ్లు తడిగా ఉండటం పద్నాలుగేళ్లలో నేను చూడటం అదే మొదలు.

"ఎంత తెలివో చూడు వాటికి," అన్నారు. "గోడలూ బొమ్మలూ కలిపి మనసులో ఒక పటం గీసుకోవడం వాటికి చేతకావట్లేదు. చేతకాకపోతే మునిగిపోలేదే! గదిలో మారకుండా ఉండేది ఏదో ఒకటి వెతుక్కున్నాయి. దాన్నే పట్టుకున్నాయి. ఏడాదిన్నర మనందరినీ బోల్తా కొట్టించాయి. జబ్బు ముప్పు కనబడకపోవడం కాదు గడియారం, నువ్వు అడ్డంగా నిలబడి దాచావు. అవి నిన్ను వాడుకున్నాయి." తొట్టి అంచు వదిలి, "నా చిన్నప్పటినుంచీ ఇలాంటి ఒక్క రోజు కోసమే పనిచేశాననిపిస్తోంది," అన్నారు.

"మరి ఆ పన్నెండోది?" అన్నాను. ఆ రకం జన్యువు ఉండి కూడా తిన్నగా అరుగెక్కింది ఒకటుంది, ఆరో నంబరు.

"అది ఎందుకు తప్పిపోలేదో తెలుసుకోవాలంటే నాకు ఇంకో పదేళ్లు కావాలి," అని నవ్వారు. తర్వాత మొహం గట్టిపరచుకుని, "కొత్త వ్యాసంలో మొదటి పేరాలోనే నీ టిక్కుల సంగతి రాస్తాను. తలదించుకోవాల్సి వస్తుంది, నీకూ నాకూ. ఇష్టమేనా?" అన్నారు.

"ఇష్టమే మేడమ్." నిజంగానే ఇష్టమే. ఏడాదిన్నరగా మోస్తున్న బరువు దిగిపోయి, ఆకలి కూడా వేసింది.

"అయితే ముందు వెళ్లి ఆ పరదా వెతుకు," అని ఆవిడ కింద అంతస్తుకి టీకి వెళ్లారు.

స్టోరు గది ఆ వరండాలోనే ఐదో తలుపు. పరదా పై అరలో ఉంది. అందకపోతే నా స్టూలు తెచ్చుకుని ఎక్కి తీశాను. దులిపితే అంచు మూరెడు చిరిగి ఉంది. గదికి తాళం వేసి, ఆ తలుపు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని సూదీదారం తీశాను. వదినకి ఫోన్ చేసి జరిగింది చెప్పాలని మనసు కొట్టుకుంటోంది. ఉద్యోగం ఊడలేదన్న సంగతి ముందు చెప్పాలా, ఎలుక నా మొహంలోకి చూసిన సంగతి ముందు చెప్పాలా అని ఆలోచిస్తూ కుట్టుకుంటున్నాను.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పెద్దావిడ పైకొచ్చారు. వరండాలో ఒక్కక్షణం ఆగి చూసి, నన్ను చూసి మొహం విప్పార్చి తిన్నగా నడిచి వచ్చారు.

"ఏం గడియారం, టైమెంత?"

"మీ టైమే మేడమ్."

నవ్వి, జేబులోంచి తాళంచెవి తీసి నా పక్కనున్న తలుపుకి పెట్టారు. తిరగలేదు. ఇంకోసారి తిప్పారు.

"స్టోరులోంచి ఏం కావాలి మేడమ్? చెబితే నేను తీస్తానుగా."

"స్టోరేంటి? నా గదిలోకి వెళ్తుంటే!" అన్నారు విసుగ్గా. "ఎవరైనా తాళం మార్చారా?"

నా చేతిలో సూది ఆగిపోయింది. నేను సెలవు పెట్టిన మొదటి రోజున మేడమ్ ఈ మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి, ఒంట్లో బాగాలేదని ఇంటికెళ్లిపోయారని వాచ్‌మన్ చెప్పాడు. ఆ నాలుగు రోజులూ మళ్లీ రాలేదట. జ్వరమేమో అనుకున్నాను. వదిన మంచం పక్కన కూర్చుని ఆవిడకి జ్వరం తగ్గిందో లేదో అని బెంగపెట్టుకున్నాను కూడా.

నేనేమీ అనలేదు. అనకపోవడమే ఆవిడకి చాలింది. తాళంచెవి వంక చూశారు. నా వంక, స్టూలు వంక చూశారు. తర్వాత మెల్లగా తల తిప్పి, ఖాళీగా ఉన్న మూడో తలుపు పక్క చోటు చూశారు. నా జీవితంలో అంత తొందరగా ఒక విషయం అర్థం చేసుకున్న మనిషిని చూడలేదు. మొహంలో రక్తం లేదు. అయినా ఆ కళ్లలో ఇందాక తొట్టి దగ్గర ఉన్న వెలుగు ఆరిపోలేదు. అది చూసి నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"స్టాప్‌వాచీ ఉందా?"

"మేడమ్, వద్దు. అన్నిటికీ ఒకే రంగు వేశారు, బోర్డులు లేవు. ఎవరికైనా పొరపాటు..."

"నీళ్లు చల్లబడ్డాయన్న ఆయన్ని చూసి మనం ఎంత నవ్వామో మర్చిపోయావా?" అన్నారు. "నేను కిందికి వెళ్లి వస్తాను. నువ్వు స్టూలు తీసుకుని ఆ చివర, ఆరో తలుపు దగ్గరికి పో. ఒక్కసారి తప్పితే దానికి అర్థం లేదు. ఆరుసార్లు పెట్టు, ప్రతిసారీ చోటు మార్చు. నేను చెప్పింది కాదు, జరిగింది రాయి."

"ఎంత టైమివ్వాలి మేడమ్?"

"వాటికెంత?"

"అరవై సెకన్లు."

"నాకూ అంతే. పెద్దదాన్ని కదా అని ఎక్కువ ఇవ్వకు." రెండడుగులు వేసి ఆగారు. "ఇంకోటి. నన్ను చూసి జాలిపడి ముందుకి రాకు. ఒకసారి వచ్చావు, ఏడాదిన్నర పోయింది."

ఆవిడ మెట్లు దిగే చప్పుడు ఒక్కొక్కటే వినబడింది. సగం కుట్టిన పరదా భుజాన వేసుకుని, స్టూలు మోసుకుంటూ ఆరో తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. పద్నాలుగేళ్లలో ఎన్ని వేలసార్లు నొక్కి ఉంటానో ఆ మీట, దాన్ని నొక్కడానికి బొటనవేలు రావట్లేదు.

కింద అడుగులు ఆగాయి. మళ్లీ మొదలయ్యాయి. మెట్ల మలుపులో ముందు తెల్లజుట్టు కనబడింది, తర్వాత మొహం. వరండాలోకి రాగానే ఆవిడ తలుపుల వంక చూడలేదు. ముందు నాకోసమే వెతికారు.

నేను మీట నొక్కాను.